మందుల పుస్తకంలో నాలుగో గడి

జూన్ 8, ఆదివారం

మందుల పుస్తకం వేరు, ఇది వేరు. అది డాక్టరు వేదవ్యాస్ గారికి చూపించడానికి. అందులో అయిదు నిలువు గడులు గీశాను: తేదీ, సమయం, మాత్ర, దేనితో, ఏమైంది. అట్టమీద రోగి పేరు శేషగిరిరావు, వయసు డెబ్బయ్యెనిమిది, కింద రాసినవారు భార్య హైమవతి. ఆయనకు పార్కిన్సన్స్ అని తేలిన రోజునుంచి, రెండేళ్ల మూడు నెలలుగా, ఒక్క పూట కూడా ఖాళీ వదల్లేదు.

ఈ పుస్తకంలో గడులు లేవు. అడిగేవాళ్లూ లేరు.

మాత్ర రోజుకు మూడుసార్లు. ఎనిమిదికి, ఒంటిగంటకు, ఏడుకు. ప్రతిసారీ గ్లాసెడు గేదెపాలతో. ఖాళీ కడుపున మాత్ర మింగడమనేది ఈ ఇంట్లో లేదు, మా అమ్మ ఇంట్లోనూ లేదు. శనివారం ఉదయం ఒక్కటే నా చేతిలో లేనిది. ఆయన నలభై ఆరేళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉంటారు. మధ్యాహ్నం పూజ అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ముట్టరు. ఎనిమిదింటి మాత్ర కూడా ఆ నీళ్లతోనే. ఎంత చెప్పినా వినరు.

నిన్న శనివారం. చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారు, ఆరూ. ఇవాళ ఒక్కటీ పెట్టుకోలేకపోయారు. నేను పెడుతుంటే గోడవైపు చూస్తూ నిలబడ్డారు.

అలసటగా ఉంది. ఈ మాట ఆ అయిదు గడుల్లో దేనిలోనూ పట్టదు.

జూన్ 11, బుధవారం

స్నానాల గది గుమ్మంలో అడుగు పడలేదు. పదిహేడు నిమిషాలు. నేను వెనక నిలబడి "ఊఁ, వెయ్యండి, కుడికాలు ముందు" అంటూనే ఉన్నాను. కుడికాలు నా మాట కూడా వినలేదు.

జూన్ 14, శనివారం

తొమ్మిదింటికి తనే గడ్డం గీసుకున్నారు. పేపరు పైకి చదివారు. వీధి చివరిదాకా నడిచి వచ్చారు. కాలువలకు నీళ్లు వదిలారట, ఆ వార్త రెండుసార్లు చదివారు. ముప్పై నాలుగేళ్లు కాలువ లాకుల మీద, పడవల్ని ఎగువకూ దిగువకూ దాటించే ఆ తలుపుల దగ్గర, పనిచేసిన మనిషి. నీళ్లు వదిలిన రోజు ఇప్పటికీ ఆయనకు పండగే.

పగలు ఆయన్ని చూసుకోవడానికి వచ్చే నాగమల్లేశ్వరి గుమ్మంలో చెయ్యి నడుముకి పెట్టుకుని చూసింది.

"అమ్మగారూ, శనారం శనారం ఈయన్నెవరో మార్చి పోతున్నారండీ. మిగతా ఆర్రోజులూ ఉండే ఆయన వేరే."

"ఆ వేరే ఆయనతో నువ్వే వేగుతున్నావుగా, ఈయన్ని నాకొదిలెయ్" అన్నాను. ఆయన నవ్వారు. ముఖం కదిలింది. చాలా రోజులైంది ఆ ముఖం కదలగా చూసి.

అంతా ఆ వేంకటేశ్వరుడి దయ. వృక్షశాస్త్రం ముప్పై రెండేళ్లు చెప్పినదాన్ని, ఈ మాట క్లాసులో అనేదాన్ని కాదు. ఇక్కడ అనవచ్చు.

జూన్ 17, మంగళవారం

ఏమీ లేదు. నిన్నటిలాగే.

జూన్ 22, ఆదివారం

మా అమ్మాయి కూతురు సంయుక్త గుంటూరు నుంచి వచ్చింది. పాథాలజీ పీజీ, రెండో ఏడు. తాతయ్య జబ్బు లోపల ఎలా ఉంటుందో చూపించమంటే ఫోనులో స్లైడు ఫొటో తీసి నా చేతిలో పెట్టింది.

నల్లపొడి చల్లినట్టున్న పెద్ద కణం. మెదడు అడుగున ఆ నల్ల కణాలుంటాయట, కదలికలన్నీ వాటి పూచీ. ఆ కణంలో ఒక గులాబీరంగు ఉండ. గుండ్రంగా, చుట్టూ పలచటి వలయంతో, చంద్రుడికి గుడి కట్టినట్టు. కణం బొమ్మ నల్లబల్లమీద ఎన్నివందల సార్లు వేశానో లెక్కలేదు. ఈ ఉండకు నా బొమ్మలో చోటు లేదు.

"దీని పేరేమిటే?"

"లూయీ బాడీ, అమ్మమ్మా. మొదట చూసిన డాక్టరు పేరు."

"దేనితో అయింది?"

"ఒక ప్రొటీన్. ఉండాల్సిందే, అందరిలోనూ ఉంటుంది. తాతయ్యలాంటి వాళ్లలో మడత తప్పి, ఒకదానికొకటి అతుక్కుని ఉండ కడుతుంది."

"ఎందుకు తప్పింది మడత?"

"అది నాకు తెలిస్తే ఈ హాస్టల్ సాంబారు ఎందుకు తింటానే!"

"పెద్దవాళ్లతో 'తింటానే' ఏమిటి?"

"తింటానండీ, లెక్చరరు గారూ."

ఆ ఉండే కణాన్ని చంపుతుందా, లేక కణమే తనను కాపాడుకోడానికి చెత్తంతా ఊడ్చి ఒక మూల పెట్టుకుందా, అది కూడా తేలలేదట. బతికున్నవాళ్లలో దాన్ని చూడలేం. పోయాక కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఆయన వింటున్నారని అప్పుడు గుర్తొచ్చి సంయుక్త నాలుక కరుచుకుంది.

ఆయన మాత్రం తాపీగా, "గుర్రపుడెక్క" అన్నారు. గొంతు చిన్నదైపోయింది, దగ్గరకు వెళ్లి వినాలి. "కాలువలో ఎవరు వేశారని అడుగుతామా? ఉంటుంది. నీళ్లకు అడ్డంపడుతుంది. అంతే."

సాయంత్రం నేను పెన్సిలుతో ఆ కణం బొమ్మ వేశాను. ఆయన చూసి ఎన్ని మార్కులన్నారు. పదికి తొమ్మిదన్నాను.

"ఒకటెందుకు కోశావు?"

"వలయం సరిగా రాలేదు."

"నీ బొమ్మకే కోస్తే ఇంకెవరికి వేస్తావు హైమా, పదికి పది?"

ఇన్నేళ్లలో ఎవరికీ వేయలేదు.

జూన్ 27, శుక్రవారం

డాక్టరు దగ్గరకు వెళ్లాం. వేదవ్యాస్ గారు మందుల పుస్తకం ఆఖరి గడి వెంట వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. ఏమైంది, ఏమైంది, ఏమైంది.

"రావు గారికి మాత్ర పట్టట్లేదమ్మా. ఈ మోతాదుకి ఇంకా బాగా నడవాలి. టైముకే ఇస్తున్నారుగా?"

"నిమిషం తేడా లేదండీ."

"ఆరు వారాలు చూద్దాం. మార్పు లేకపోతే రెండే దారులు. మోతాదు పెంచాలి. ఈ వయసులో పెంచితే లేని మనుషులు కనిపించడం మొదలవ్వచ్చు. లేదంటే ఇది మాత్రకు లొంగని రకమని ఒప్పుకోవాలి. ఈలోగా నీరసపడకుండా చూసుకోండి."

శనివారాలు బాగుంటున్నారని చెప్పబోయాను. దేవుడి సంగతి డాక్టరుకెందుకని ఊరుకున్నాను.

ఆటోలో ఆయన కళ్లు మూసుకుని, "లేని మనుషులొస్తే వాళ్లకి కూడా పాలిస్తావా?" అన్నారు. హాస్యమో, కాదో. ఆ ముఖం చూసి తెలుసుకునే వీలు లేదు ఇప్పుడు.

జూలై 4, శుక్రవారం

నీరసపడకూడదన్నారు. వారంలో ఒక పూట ఖాళీ కడుపుతో ఉంటే నీరసం కాక ఏమిటి? ఒక్కపొద్దు మానెయ్యమన్నాను.

"నలభై ఆరేళ్లు."

"దేవుడికి తెలుసు మీ సంగతి. ఆయనేం అనుకోడు."

"డాక్టరు మానమన్నాడా?"

"నీరసం రాకూడదంటే అర్థం అదేగా."

కిటికీ వైపు తిరిగారు. తర్వాత "నీ ఇష్టం" అన్నారు. యాభై మూడేళ్ల కాపురంలో చాలా సంగతులు ఈ మాటతోనే తేలాయి.

జూలై 5, శనివారం

ఎనిమిదికి మాత్ర, పాలు, రెండు ఇడ్లీలు. బొత్తాలు నేను పెట్టాను.

కొత్త కదా. ఒంటికి అలవాటు పడాలి.

జూలై 12, శనివారం

గడ్డం గీయడం నాగమల్లేశ్వరి చేసింది. "శనారం ఆయన రాలేదేంటమ్మగారూ?" అంది. పని చూసుకోమన్నాను.

జూలై 19, శనివారం

ఉదయం గుమ్మంలో ఇరవై రెండు నిమిషాలు.

మొక్కు తప్పించింది నేను. కోపం ఉంటే నా మీద ఉండాలి కదా, ఆయన కాళ్లమీద ఎందుకు? పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టాను. ఎవరూ చూడలేదు.

జూలై 20, ఆదివారం

దేవుడూ కాదు, నేనూ కాదు. ఆ ఉండలే. పెరిగి ఉంటాయి.

జూలై 24, గురువారం

ఉండలే.

జూలై 27, ఆదివారం

సంయుక్త వచ్చింది. ఇంటర్నల్స్ అయ్యాయట. మంచం మీద బోర్లా పడుకుని మందుల పుస్తకం తిరగేస్తోంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"అమ్మమ్మా, శనివారాలన్నీ బాగున్నాయేంటి?"

"ఒక్కపొద్దు ఫలం."

"ఈ నెల్లో లేవు."

"మాన్పించాను. నీరసమని."

పేజీలు వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ఆఖరి గడి కాదు, నాలుగో గడి చూస్తోందని నాకు అప్పుడు తెలియలేదు.

"మాత్ర పాలతో ఇస్తున్నావా?"

"మరి దేనితో?"

అది లేచి కూర్చుంది. "మూడు పూటలా? మొదట్నుంచీ?"

"శనివారం ఉదయం తప్ప. ఎందుకలా చూస్తావు? పాలు విషమా?"

"విషం కాదు అమ్మమ్మా. ఈ మాత్రా, పాలలో ప్రొటీనూ పేగుల్లో ఒకటే దారిలోంచి లోపలికి వెళ్లాలి. పాలు ముందెక్కేస్తాయి. మాత్ర బయట నిలబడిపోతుంది. తిండికి అరగంట ముందు ఉత్త నీళ్లతో వేసుకోవాలి. శనివారాలు అదే జరిగింది."

చిక్కుడుకాయ నా చేతిలో ఉంది. దాన్ని ఒలిచాను. మరొకటి ఒలిచాను.

"అయితే ఆ ఉండలు నా పాలవల్లేనా?"

"కాదు. దానికీ దీనికీ సంబంధం లేదు. అది వేరే ప్రొటీన్. ఉండలు నీవల్ల రాలేదు, ఒట్టు."

నన్ను ఓదార్చడానికే చెప్పింది. పైగా నిజం కూడా. అయినా అది వెళ్లాక కూర్చుని ఆలోచిస్తే మిగిలిందిది: ఉండలు నావి కావు. పోయిన ఉదయాలు నావి. కనిపించని దానిమీద నేరం మోపి వారం రోజులు నిద్రపోయాను.

డాక్టరుకు నేనే చెబుతానన్నాను. తాతయ్యకు కూడా నేనే చెబుతానన్నాను. ఎప్పుడని అడిగింది. వచ్చే వారమన్నాను.

జూలై 28, సోమవారం

ఏడున్నరకు మాత్ర, నీళ్లతో. పాలు విరిగాయని చెప్పాను. ఎనిమిదింపావుకు తనే లేచి చొక్కా తొడుక్కున్నారు. అయిదు బొత్తాలు పెట్టుకుని, ఆరోదాని దగ్గర ఆగి నావైపు చూశారు.

"ఇవాళ సోమవారమేనా?"

"సోమవారమే."



జూలై 29, మంగళవారం

పాలు మళ్లీ విరిగాయి. ఉదయం వీధి చివరిదాకా వెళ్లొచ్చారు.

జూలై 30, బుధవారం

మందుల పుస్తకం మొదటి పేజీ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

2023 మార్చి 12. నా చేతిరాత, నీలం సిరా: "తిండికి అరగంట ముందు, నీళ్లతో అన్నారు డాక్టరు. ఆరు రోజులుగా కక్కుతున్నారు. ఇవాళ పాలతో ఇచ్చాను. నిలిచింది. ఇక ఇలాగే."

'ఇక ఇలాగే' కింద రెండు గీతలు.

నాకు తెలియక కాదు. చెప్పారు, విన్నాను, రాశాను కూడా. నాకు ఎక్కువ తెలుసుననుకున్నాను. తర్వాత మరిచిపోయాను. డాక్టరుకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

లెక్క వేశాను. మొన్న ఆదివారం దాకా పాలు తాగిన ఉదయాలు ఏడువందల నలభై తొమ్మిది.

ఆగస్టు 2, శనివారం

ఒక్కపొద్దు మళ్లీ పట్టమన్నాను. "ఏం, దేవుడు కబురు పెట్టాడా?" అన్నారు. ఉదయం అంతా బాగా గడిచింది.

మందుల పుస్తకం బాగా నలిగింది. అట్ట ఊడింది, పాలచుక్కలు కూడా పడ్డాయి. శుక్రవారం డాక్టరుకు అలాంటిది ఇవ్వడం మర్యాదగా ఉండదు. కొత్త నోటుబుక్కులో శుభ్రంగా తిరిగి రాస్తున్నాను. నాలుగు గడులు చాలు. తేదీ, సమయం, మాత్ర, ఏమైంది.

ఆగస్టు 4, సోమవారం

తిరిగి రాయడం మొదటి ఏడు డిసెంబరు దాకా అయింది. చెయ్యి నొప్పి.

ఎందుకో నా స్టూడెంటు హెలెన్ గుర్తొచ్చింది. తొంభై రెండో, తొంభై మూడో. ప్రాక్టికల్ రికార్డులో లెక్క కుదరక రబ్బరుతో చెరిపి దిద్దింది. ఆ అమ్మాయికి సున్నా వేశాను. స్టాఫ్ రూము బయట నిలబడి ఏడ్చింది. "కళ్లు చూసిందే చెయ్యి రాయాలి" అన్నాను. ఫస్టుక్లాసు పోయింది. ఏలూరు కాలువ అవతల ఉండేవాళ్లు. ఇప్పుడెక్కడుందో.

దీనికీ దానికీ పోలిక లేదు. ఇది ప్రాక్టికల్ కాదు.

ఆగస్టు 7, గురువారం

మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే ఆయన బల్ల దగ్గర ఉన్నారు. పాత పుస్తకం ఒక పక్క, కొత్తది ఒక పక్క. ఇప్పుడు తనంతట తాను లేచి నడవగలరన్న సంగతి నేనే మరిచిపోయాను.

"దేనితో అన్న గడి ఏదీ?"

"అనవసరమని తీసేశాను."

ఆయన పాత పుస్తకం మీద చెయ్యి పెట్టి, మెల్లిగా మాట్లాడారు. "లాకు దగ్గర గేజి రిజిస్టరు ఉండేది. పూటపూటా నీటిమట్టం రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింది అంకె కనపడేలా, పక్కన సంతకం పెట్టాలి. కాగితం మార్చిన లస్కరుని, కాలువ కాపలావాణ్ని, సస్పెండ్ చేశాను నేను. వాడికి నలుగురు పిల్లలు."

అప్పుడు చెప్పాను. మొదటి పేజీ తీసి చూపించాను. సంయుక్త చెప్పినదంతా, అదే వరుసలో. పాలు విరగలేదని కూడా.

"అదా" అన్నారు. "లాకులో ఒక్క పడవకే చోటు. పాలపడవ ముందు దూరింది."

"మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. నీళ్లతో వేసుకున్న రోజు బాగుంటోందని ఆరునెలల కిందటే అనిపించింది."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే వింటావా?"

"వినేదాన్ని."

"ఎప్పుడు విన్నావో ఒక్క తేదీ చెప్పు హైమా. నీ దగ్గర పుస్తకాలున్నాయిగా."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. నేను నిజంగానే తేదీ కోసం వెతికాను, నిలబడినచోటే, యాభై మూడేళ్లూ. దొరకలేదు.

కొత్త నోటుబుక్కు బీరువాలో అడుగున పెట్టాను. చింపలేదు. అది కూడా నేను రాసిందే.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీవ్రతం. తెల్లవారుజామునే పూజ ముగించి వెళ్లాం. ఆసుపత్రిలో జనం తక్కువ.

పాత పుస్తకమే ఇచ్చాను, మొదటి పేజీ తెరిచి. వేదవ్యాస్ గారు చదివి, కళ్లజోడు తీసి, "పాలతో ఎవరిమ్మన్నారండీ?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి మా ఆయన, "నేనే అడిగానండీ. ఉత్త నీళ్లతో వికారం" అన్నారు.

ఇంత కాలానికి ఆయన నాకోసం ఒక అబద్ధమాడారు. తీసుకోవచ్చు. తీసుకుంటే అక్కడితో పోయేది.

"కాదండీ" అన్నాను. "ఆయనకు పాలు ఇష్టం లేదు. నేనే ఇచ్చాను. మీరు వద్దన్న సంగతి తెలిసే ఇచ్చాను."

డాక్టరు నన్ను తిట్టలేదు. వికారానికి వేరే మాత్ర ఉందని, ఆరోజే ఫోను చేస్తే రాసిచ్చేవాడినని చెప్పారు. ఈ పదకొండు రోజుల గడులు చూశారు. నడిపించి చూశారు. మోతాదు పెంచక్కర్లేదట. మాత్రకు లొంగని రకం కూడా కాదట. "కానీ జబ్బు తగ్గిందనుకోకండమ్మా. లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. మాత్ర దాని పని అది చేస్తుంది, అంతే."

తెలుసునన్నాను. బొమ్మ వేశానని చెప్పలేదు.

బయటకొచ్చాక ఆయన, "పరువు తీశావు కదే, అబద్ధాలకోరునని" అన్నారు. ముఖం కదిలింది, కొంచెం.

ఆగస్టు 9, శనివారం

ఒక్కపొద్దు. ఏడున్నరకు మాత్ర, నీళ్లతో. ఎనిమిదీ పదికి గడ్డం, తనే. చెవి దగ్గర కొంచెం వదిలేశారు. చెప్పలేదు.

మొదటి పేజీలో 'ఇక ఇలాగే' మీద ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాను. "మా లాకు దగ్గర రెండు సంతకాలు ఉండాలి" అన్నారు ఆయన. పెన్ను ఇచ్చాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, చివరకొచ్చేసరికి ఇంకా చిన్నవయ్యాయి. చదవగలిగాను.

పదిన్నరకు పూజగది గుమ్మంలో మళ్లీ ఆగిపోయారు. మాత్ర ప్రభావం దిగుతున్నట్టుంది. లోపల ఆ ఉండ ఎక్కడికీ పోలేదు.

నేను వెనక నిలబడలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాను. కుడికాలు అని నోటిదాకా వచ్చింది. మింగి, "ఏం చెయ్యమంటారు?" అని అడిగాను.

నమ్మనట్టు చూశారు.

"ఏం చెయ్యకు. లాకు నిండుతోంది. రెండువైపులా నీళ్లు సమానమయ్యేదాకా తలుపు తోసినా రాదు."

సరేనని నిలబడ్డాను. వంటింట్లో పొయ్యి మీద ఏదో పొంగింది. నాగమల్లేశ్వరి చూసుకుంటుంది. గుమ్మానికి ఇటు నేను, అటు ఆయన. కాళ్లు నొప్పి పుట్టాయి.

తొమ్మిది నిమిషాలు పట్టింది. మందుల పుస్తకంలో రాశాను.